పేడతొట్టి నా ఊరు

మదనపల్లె దగ్గర ఒక టమోటా రైతు ఇంట, చింతచెట్టు నీడన ఉన్న సిమెంటు తొట్టిలో పుట్టాను. జొన్నగింజంత గుడ్డుసంచిలోంచి ఇద్దరు ముగ్గురం తోబుట్టువులం కలిసే బయటపడ్డాం. నన్ను ఎర్ర వానపాము అంటారు. శాస్త్రంలో నా పేరు ఐసీనియా ఫెటిడా.

నాకు ఊపిరితిత్తులు లేవు, తడి చర్మంతోనే ఊపిరి తీసుకుంటాను. ఒళ్లు ఆరితే ప్రాణం పోతుంది. అందుకే ఆ ఇంటి అక్క రోజూ గోనెపట్టా ఎత్తి, పిడికెడు పేడ తీసి పిండి చూస్తుంది. వేళ్ల సందున చెమ్మ తగలాలి, నీళ్లు మాత్రం కారకూడదు. ఓసారి పక్కచేనాయన బండెడు పచ్చిపేడ తెచ్చి తొట్టిలో పోయబోయాడు.

“వద్దన్నా! ముందు పక్కన కుప్పేసి పదిహేను దినాలు నీళ్లు చల్లు. చెయ్యి పెడితే చల్లగుండాల. అప్పుడు ఎత్తిపొయ్యి” అంది అక్క. పచ్చిపేడ మాగేటప్పుడు పుట్టే వేడికి మేమంతా చచ్చిపోయేవాళ్లం.

నాకు పళ్లూ లేవు. మేతతో పాటు మింగిన ఇసుకరేణువులతో కడుపులోనే నూరుకుంటాను. పేగులోని సూక్ష్మజీవులు దాన్ని ఇంకా కరిగిస్తాయి. చివరికి టీపొడి లాంటి నల్లటి గుళికలు వస్తాయి. వాటికి పేడ కంపు ఉండదు.

1881లో చార్లెస్ డార్విన్ తన చివరి పుస్తకాన్ని వానపాముల మీదే రాశాడు. ఆయన ఎక్కువగా చూసింది మట్టిలో బొరియలు తవ్వే మా బంధువులను. నేను కుళ్లే మేతలోనే బతికేదాన్ని. చేలో వదిలితే నిలవను. నా తరఫున ఎరువే పోవాలి. నాలుగు రోజులు నీళ్లు ఆపితే మేం తడి కోసం అడుక్కి దిగుతాం. అప్పుడు పైపొర తీసి జల్లించి, నారు నాటేటప్పుడు గుంతకు దోసెడు వేస్తారు.

యూరియాలో నత్రజని 46 శాతం, మా ఎరువులో సుమారు 1.5 శాతమే. కానీ టమోటాకు నత్రజని ఒక్కసారిగా అందితే ఆకు కమ్ముకుని పూత తగ్గుతుంది. నా గుళికలు కొంచెం కొంచెంగా వదులుతాయి, తడినీ పట్టి ఉంచుతాయి. తడి నిలకడగా ఉంటే కాయకు కాల్షియం సరిగ్గా అందుతుంది. కాయ అడుగున నల్లగా కుళ్లడం తగ్గుతుంది. తెల్లదోమ తెచ్చే ఆకుముడతకు మాత్రం నా దగ్గర మందు లేదు. ఉందని చెప్పి ఎరువు అమ్మేవాళ్లను నమ్మకండి.

ధర పడిపోయి కోతకూలీ కూడా రానప్పుడు పండ్లు మా తొట్టికే వస్తాయి. గంపలకొద్దీ ఒకేసారి పోస్తే పులిసిపోయి మాకు గాలాడదని అక్క పేడలో కలిపి కొద్దికొద్దిగా వేస్తుంది. కండంతా తింటాం గానీ గింజలు చావవు. ఎరువుతో చేలోకి పోయి చాళ్ల మధ్య మొలుస్తాయి. కలుపుతీతలో వాటిని పీకేస్తూ, గట్టిగా నిలబడ్డ ఒకటి రెండింటికి ఊత కట్టి ఇంటికూరకు ఉంచుకుంటుంది.