చీమ ప్రతినాయకుడా?

జానపద సాహిత్యం మీద ఏ సెమినారుకైనా వెళ్లండి, మొదటి టీ వేళకల్లా ప్రాప్ గారు వేదికెక్కేస్తారు. ఈయన ఓ వంద రష్యన్ అద్భుత కథలు ముందేసుకుని, పాత్రలు ఎన్ని మారినా కథల్లో జరిగే పనులు 31కి మించవని 1928లో తేల్చిన పండితుడు. ఆ పనులకు మనవాళ్లు పెట్టుకున్న పేరు ప్రకార్యాలు. రష్యా లెక్క మన కథలన్నిటికీ ఎలా సరిపోతుందని అడిగారా, మీకు సిద్ధాంత పరిజ్ఞానం లేనట్టే.

ఈ పద్ధతిలో ఏడు చేపల కథను పరిశోధిద్దాం. రాజుగారి ఏడుగురు కొడుకులు చేపలు తెచ్చి ఎండబెట్టాక మళ్లీ కనబడరు. కాబట్టి నాయక పదవి ఖాళీ. అందులో ఎండని చేపను నియమించాలి. గడ్డిమేటు అవరోధం. ఆవు, సమయానికి అక్కరకు రాని సహాయకురాలు. పిల్లవాడు పుట్టలో వేలు పెట్టాడు గనక అది నిషేధోల్లంఘన. పెట్టొద్దని కథలో ఎవరూ అనలేదే? అనే ఉంటారు, మౌఖిక పరంపరలో ఆ భాగం లుప్తమైంది! చీమ ప్రతినాయకుడు. పుట్ట, యూంగ్ గారి దారిలో వెళ్తే, అచేతన మనసు. వేలు సంగతి ఫ్రాయిడ్ గారి మనుషులు చూసుకుంటారు, మనకొద్దు.

ఇంతకీ ఆ కథ వింటూ పిల్లలు ఎందుకు నవ్వుతారో ఏ పేజీలోనూ ఉండదు. చేప దగ్గర్నుంచి అందరూ తప్పును పక్కవాళ్ల మీదికి నెడుతుంటే, తన పుట్ట జోలికొస్తే ఊరుకుంటానా అని ఎదురు తిరిగింది చీమ ఒక్కటే. సరిగ్గా అక్కడ పిల్లను చిన్నగా గిల్లే అమ్మమ్మలూ ఉన్నారు. ఆ గిల్లుడుకు ఏ సూచికలోనూ నంబరు లేదు.

సూచికలు పనికిరానివని కాదు. ఆర్నె 1910లో మొదలుపెట్టి, థాంప్సన్ పెంచి, ఊథర్ 2004లో సవరించిన కథా రకాల పట్టికలో గొలుసు కథలకు ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. మన కథకు ఏయే దేశాల్లో చుట్టాలున్నారో వెతకడానికి అదొక చిరునామా పుస్తకం. మనవాళ్లు చిరునామా రాసుకుని, తలుపు తట్టకుండానే ఇంటికొచ్చేస్తారు.

పాపం, ప్రాప్ తన లెక్క అద్భుత కథలకే అన్నాడు. పుస్తకం పేరులోంచి ఆ ‘అద్భుత’ అన్న మాటను ప్రచురణకర్తలే ఎగరగొట్టారని తర్వాత మొత్తుకున్నాడు కూడా. ఎవరు విన్నారు? జానపద విద్వాంసుడు బాస్కమ్ గతీ అంతే. పురాగాథా, ఐతిహ్యమా, వట్టి కథా అన్నది చెప్పేవాళ్ల, వినేవాళ్ల నమ్మకాన్ని బట్టి తేలాలని ఆయన 1965లో రాశాడు. అంటే మల్లన్న కథ ఏ కోవలోదో కొమురవెల్లి వెళ్లి, బోనం ఎత్తుకున్నవాళ్లను అడగాలి. అంత దూరానికి ప్రయాణ భత్యం రాదు గనక మనవాళ్లు కుర్చీలోంచి లేవకుండానే ఐతిహ్యం అని ముద్ర వేస్తారు.

అలాగని కళాకారులను పిలవరని అనకండి. పిలుస్తారు. రాత్రంతా సాగాల్సిన ఒగ్గు కథకు సాయంత్రం పది నిమిషాలిస్తారు, అదీ ‘సాంస్కృతిక కార్యక్రమం’ పేరుతో, వక్తలు బస్సుల కోసం బయల్దేరాక. ఆరు నెలలకు సెమినారు సంచిక వస్తుంది. అందులో అధోజ్ఞాపిక: ‘ఈ కథనం అసంపూర్ణం. పలు ప్రకార్యాలు లోపించాయి.’