కొనే కాటా, అమ్మే కాటా

రావులపాలెం మార్కెట్లో అరటి బేరం గెలకింత అనే సాగుతుంది. ఊరి చివర ఒక కొట్టాయన మాత్రం చిన్న రైతుల దగ్గర తూకానికి కొనేవాడు. వాకిట్లో దూలానికి ఒక స్ప్రింగు కాటా, అది కొనేందుకు. లోపల ఇంకోటి, అత్తాలుగా కోసి కిలోల లెక్కన అమ్మేందుకు.

ఓ పొద్దున్న ఓ కౌలురైతు సైకిలు మీద కర్పూర చక్కెరకేళి గెలలు వేసుకొచ్చాడు. వెంట ఇంటర్ చదివే కూతురు. జిగురు కారుతున్న మొదటి గెలని కొక్కేనికి తగిలిస్తే ముల్లు 12 దగ్గర ఆగింది. మోసుకొచ్చిన భుజానికి తెలుసు, అది పన్నెండు కాదని. అయినా ఆయనేమీ అనలేదు.

"బాబాయిగారండీ, లోపలి కాటా కూడా తెప్పించండి. రెండిటికీ కలిపి కడదాం" అంది పిల్ల.

"కడితే ఏమొస్తుందమ్మడూ? చెరిసగం పంచుకుంటాయి. ఆరూ ఆరూ పన్నెండే కదా!"

"పక్కపక్కన కడితే పంచుకుంటాయండి. ఒకదాని కింద ఒకటి కడితే దేనికదే మొత్తం బరువు మొయ్యాలి."

నలుగురూ చూస్తున్నారు. కాదనలేక తెప్పించాడు. పిల్ల కొనే కాటాని పైన ఉంచి, అమ్మే కాటాని దాని కొక్కేనికి తగిలించి, అడుగున గెల వేలాడదీసింది. కింది కాటా బరువు కూడా మీద పడ్డా పైముల్లు పన్నెండు దాటి ఓ గీత జరిగిందంతే. కిందిది 18 చూపించింది.

బరువు ఎంతో సాగుడు అంత అని రాబర్ట్ హుక్ 1678లోనే అచ్చువేశాడు. ఏ స్ప్రింగైనా చిన్న చిన్న ముక్కల వరసే. అయిదో వంతు కత్తిరించేస్తే మిగిలింది బిగుసుకుని, 15 కిలోలకి 12 చూపిస్తుంది. ఆ ముక్కనే అలాంటి ఇంకో స్ప్రింగు కొసకి చేరిస్తే అది మెత్తబడి, అదే 15 కిలోలకి 18 చూపిస్తుంది. మూత విప్పితే తప్ప బయటికి ఏమీ తెలీదు.

గెలలు దింపుతున్న రైతులు, పళ్లు కొనడానికొచ్చిన ఆడవాళ్లు దగ్గరికొచ్చి రెండు ముళ్లనీ మార్చి మార్చి చూశారు.

కొట్టాయన గొంతు సవరించుకున్నాడు. "ఇందులో ఒకటి చెడిపోయినట్టుందమ్మా."

"ఏది చెడిందండీ బాబాయిగారూ," అడిగిందా పిల్ల, "కొనేదా, అమ్మేదా?"