హోం శాఖ కార్యదర్శి గారికి వాడపల్లి నుంచి బహిరంగ లేఖ

అయ్యా,

రాష్ట్రంలో పోలీసులు ఎవరి ఫోన్ వినాలన్నా మామూలుగా మీ ఉత్తర్వు కావాలని 2024 డిసెంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. ఎవరో చాటుగా విని మీకు మోసుకొచ్చే శ్రమ లేకుండా నా మాట నేనే రాసి పంపుతున్నాను.

ముందు మూసీ సంగతి. 2023 డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. మర్నాడు రాత్రి పోలీసుల నిఘా విభాగం ఎస్ఐబీలో హార్డ్ డిస్కులు ముక్కలు చేసి, నాగోలు దగ్గర మూసీలో పడేశారని పోలీసులే చెప్పారు. ఆ నీళ్లు నాగోలులో ఆగవు సార్. వలిగొండ దాటి, మూసీ ప్రాజెక్టు దాటి, మా వాడపల్లిలో కృష్ణలో కలుస్తాయి. పట్నం మురుగు ఎన్నేళ్లుగానో మాకే వస్తోంది, రహస్యాలు రావడమే కొత్త. వలలో ముక్క ఏదైనా పడితే ఏ స్టేషన్‌లో అప్పగించాలో తెలుపగలరు. ఆ ఫోన్ ట్యాపింగ్ కేసులో మొదటి నిందితుడు ఒకప్పుడు మా నల్లగొండ ఎస్పీ. తప్పొప్పులు కోర్టు తేలుస్తుంది.

ఈలోగా జనం తమ జాగ్రత్త తాము నేర్చుకున్నారు. మిర్యాలగూడ టీకొట్టు దగ్గర వార్డు మెంబరుగా నిలబడదామనుకునేవాడు కూడా ఫోన్ ఎత్తగానే గొంతు తగ్గిస్తాడు: "అన్నా, ఇండ్ల వద్దు, వాట్సాప్ల చెయ్యి." అవతల పార్టీ వాడిదీ ఇదే మాట.

మీవాళ్లకు అక్కడే చిక్కు. వాట్సాప్ మాట పంపినవాడి ఫోన్‌లో తాళం పడి, అందుకున్నవాడి ఫోన్‌లోనే విడుతుంది, నడుమ కంపెనీకి కూడా వినపడదు. మొదట ఎవరు పంపారో చెప్పి తీరాలని 2021లో కేంద్రం నిబంధన పెట్టింది. అందుకు తాళం పగలగొట్టమంటే దేశం వదిలి పోతామని 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టులో వాట్సాప్ అన్నది. ఈ ఒక్క విషయంలో నేను కంపెనీ వైపే. ఒక్కడి మడికి నీళ్లు ఆపడానికి సాగర్ ఎడమ కాలువ గేటే దించేస్తే ఎట్లా?

రెండో దారి కన్నం. సాఫ్ట్‌వేర్‌లో దాగిన లోపం పట్టుకొని ఒక్క ఫోన్‌లోకి దూరడం. నిజం చెప్పాలంటే నాకు ఇదే కొంత నయమనిపిస్తుంది. ఖర్చెక్కువ, శ్రమెక్కువ, కనుక అందరి మీదా వాడలేరు. కానీ లోపాన్ని గుట్టుగా దాచుకుంటే అది దొంగకూ దొరుకుతుంది. అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ దాచుకున్న విండోస్ లోపం బయటికి పొక్కి, 2017 మేలో వానాక్రై సైబర్ దాడి అయింది. అది కొట్టినవాళ్లలో మన పక్కనే ఉన్న ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లూ ఉన్నాయి! ఇక పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ కొన్నారా లేదా అంటే కేంద్రం సుప్రీంకోర్టుకు కూడా అవుననలేదు, కాదనలేదు. 29 ఫోన్లు చూసిన సుప్రీంకోర్టు కమిటీ అయిదింటిలో ఏదో మాల్‌వేర్ ఉందన్నది, పెగాససేనని తేల్చలేకపోయింది. కేంద్రం సహకరించలేదని ఆ కమిటీ చెప్పినట్టు బెంచి మీద నుంచి వెల్లడించింది మన తెలుగువారైన అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారే.

కాబట్టి అయ్యా, కన్నమే వేస్తామంటే వేయండి, కానీ ముందు జడ్జి ముందుకు వెళ్లండి. మీ ఉత్తర్వులను ఇప్పుడు సరిచూసేది ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన మరో ఇద్దరు కార్యదర్శులు, ముగ్గురూ మీ కారిడార్‌వాళ్లే. ఆ ట్యాపింగ్ కేసులో రాజకీయ నాయకుల నంబర్లను మావోయిస్టు సానుభూతిపరులవని రాసి అనుమతి తెచ్చుకున్నారని దర్యాప్తు అధికారులు అంటున్నారు. అది నిజమైతే, ఆ కాగితం చూసినవాళ్లలో ఒక్కరికైనా అనుమానం రాలేదా? పని అయ్యాక ఆ లోపాన్ని కంపెనీకి చెప్పి పూడ్పించే నిబంధన కూడా పెట్టండి.

చివరగా ఒక సందేహం. 2024లో మన పోలీసుల హాక్ ఐ యాప్‌లోంచే జనం వివరాలు చోరీ అయి, ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చాయి. ఆ కన్నం సంగతి మీవాళ్లకు ముందే తెలుసా, మాతోపాటే తెలిసిందా? రాతపూర్వకంగా జవాబు ఇప్పించగలరు.

ఇట్లు,
మీరు విన్నా వినకున్నా మాట్లాడే
వాడపల్లి వాసి,
నల్లగొండ జిల్లా