రసమూ పిప్పీ: ఒక స్ఫూర్తి పీడితుడి లక్షణాలు

రసం అనే మాటకు తెలుగులో చెరకుతో ఎంత పొత్తు ఉన్నదో అలంకారశాస్త్రంతోనూ అంతే పొత్తు ఉన్నది. 2022 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆ తరువాత అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం మండలపు గోవాడలో ఈ రెండు రసాలకూ సమానంగా లోబడిన ఒక తరహా మనిషి కనిపిస్తాడు. చోడవరం సహకార చక్కెర కర్మాగారానికి చెరకు తోలిన రైతు కావచ్చు, ఆ తోవలో కిరాణా నడిపే వ్యాపారి కావచ్చు. వయసు మాత్రం నలభై దాటి ఉంటుంది. ఇతడిని స్ఫూర్తి పీడితుడు అనవచ్చు; అంటే క్రీడాకథా చిత్రం చూసిన ప్రతిసారీ, మర్నాటి తెల్లవారుజామునుంచి తన బతుకు మారిపోతుందని నిజాయితీగా నమ్మేవాడని అర్థం.

ఈ పీడకు శాస్త్రాధారం ఉన్నది. క్రీడాకథా చిత్రానికి పైకి కనిపించే రసం వీరం. దాని స్థాయీభావం, అనగా మనసు అడుగున నిలిచి ఉండే మూలభావం, ఉత్సాహం. దర్శకుడు ఆ పాకంలో కరుణను కూడా కలపడం వల్ల ఈల వేయవలసిన చోట ప్రేక్షకుడి గొంతు పూడుకుపోతుంది. గౌతమ్ తిన్ననూరి తీసిన ‘జెర్సీ’ (2019)లో, ఆట మానేసి, కొడుకు అడిగిన ఐదువందల రూపాయల జెర్సీ సైతం కొనలేని అర్జున్ ముప్పై ఆరేళ్ల వయసులో మళ్లీ బ్యాటు పడతాడు. జట్టులో చోటు దొరికిన రోజున రైల్వే స్టేషనులో, కదిలే రైలు చప్పుడు మాటున, గొంతు చించుకుని అరుస్తాడు. నాట్యశాస్త్రకర్త భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలలో, అంటే ప్రయత్నం లేకుండానే ఒంట్లో పుట్టే మార్పులలో, రోమాంచం, స్వరభేదం, అశ్రువు అనే మూడూ ఆ దృశ్యం దగ్గర స్ఫూర్తి పీడితుడికి ఒక్కసారిగా కలుగుతాయి. అదే పట్టికలో ఉన్న స్వేదం, అంటే చెమట, మర్నాటికి వాయిదా పడుతుంది.

మర్నాడు నాలుగున్నరకు అలారం మోగుతుంది, మొదటి రోజు గనుక అతడు లేస్తాడు కూడా. చోడవరంలో కొన్న కొత్త బూట్లతో, తూకానికి బారులు తీరిన చెరకు బళ్ల పక్కగా పరుగు ఆరంభించగానే టీకొట్టు దగ్గరినుంచి “ఏటి బావా, బస్సు ఎలిపోనాదేటి, అలా పరిగెడతన్నావు?” అనే పరామర్శ వినిపిస్తుంది. అతడిని అసలు దెబ్బతీసేది ఆ పరామర్శ కాదు, మాంటేజ్. అనగా నెలల తరబడి సాగే సాధనను ముక్కలుగా కోసి, నాలుగు నిమిషాల పాటలో కూర్చి చూపే పద్ధతి. తన ఒళ్లు కూడా ఆ లెక్కనే నడుచుకుంటుందని అతడు ఆశిస్తాడు. ‘జెర్సీ’కి జాతీయ ఉత్తమ చిత్రకూర్పు పురస్కారం వచ్చిందన్న సంగతి తెలిసినా, ఆ కూర్పరి తన మోకాళ్లకు అందుబాటులో లేడన్న సంగతి మూడో రోజుకు గాని తెలియదు. ఆ సాయంత్రం మోకాలికి కర్పూరం నూనె రాస్తూ ఇల్లాలు “ఇది ఇంటర్వెలా, శుభం కార్డా?” అని అడుగుతుంది.

ఇతడి మరో లక్షణం పూర్వచరిత్ర పెరగడం. చదువుకునే రోజుల్లో కబడ్డీ ఆడినమాట నిజమే. అయితే 2010లో ‘భీమిలి కబడ్డీ జట్టు’ చూసి వచ్చాక, తాను మండల స్థాయికి ఎంపికయినట్టు అతడికి జ్ఞాపకం వచ్చింది. 2017లో, విశాఖలో బాక్సింగ్ నేర్పే శిక్షకుడి కథ అయిన ‘గురు’ చూశాక ఆ ఎంపిక జిల్లా స్థాయిదయింది. ‘జెర్సీ’ తరువాత రాష్ట్ర స్థాయికి చేరి, మోకాలి గాయంతో ఆగిపోయింది. ఇందులో గాయం ఒక్కటే యథార్థం, అది కూడా ఆ చిత్రం చూశాక పరిగెత్తినప్పుడు తగిలినదే.

ఆట ఎందుకు ఆగిపోయిందన్న అసలు కారణాన్ని అతడు ఎన్నడూ చెప్పడు. ఆ కారణం చిన్నది: ఆ ఏడు ఇంట్లో చెరకు నరకడానికి ఒక మనిషి తక్కువపడ్డాడు. హాలులో అతడు ఏడ్చేది అర్జున్ గెలిచినందుకు కాదు, అలా చడీచప్పుడూ లేకుండా వదిలేసిన ఆట కోసం. చెప్పుకొనే చరిత్ర అబద్ధమైనా కన్నీరు అబద్ధం కాదు; ఈ తరహా చిత్రాల బలమంతా అక్కడే ఉన్నది. సిడ్నీలో 2000లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ అయిన శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి సాధన ఏ పాటలోనూ ఇమిడేది కాదని అతడికీ తెలుసు.

టన్ను చెరకు ఆడితే చేతికందే చక్కెర క్వింటాలుకు అటూ ఇటూగా ఉంటుంది. పిప్పి అంతకు రెండు మూడు రెట్లు మిగులుతుంది. ఆ పిప్పినే బాయిలరులో మండించి, ఆ ఆవిరితోనే మిల్లును మళ్లీ తిప్పుతారు గనుక చక్కెర శాస్త్రంలో పిప్పిని వ్యర్థం అనరు. సంక్రాంతి పోటీల నాటి వేకువన, పిల్లలింకా లేవకముందే, ఆ బూట్లతోనే వచ్చి, వంగలేని మోకాలిని పక్కకు చాచి, కబడ్డీ కోర్టుకు సున్నంతో గీత గీసేవాడు ఇతడే. ఆట మొదలయ్యాక ఏ కుర్రవాడైనా “నువ్వు ఎక్కడిదాకా ఆడావు మావా?” అని అడిగితే, ఆ ఒక్క పూట మాత్రం రాష్ట్రం, జిల్లా, మండలం అన్నీ దిగివచ్చి, “మన బడి దాకా” అని చెప్పి, అతడు చెరిగిన గీతను మళ్లీ సరిచేస్తాడు.