తుక్కుకు తులాభారం

2023 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఒక కారును వేలం వేశారు. కారు అన్నది మర్యాద కొద్దీ అన్న మాట. 1954 నాటి ఆ ఫెరారీ 500 మాండియల్ ఎప్పుడో అరవైలలోనే గుద్దుకుని, కాలిపోయింది. మిగిలింది మెలికలు తిరిగి తుప్పు పట్టిన రేకు. దానికి పలికిన ధర 18.75 లక్షల డాలర్లు, అంటే పదిహేను కోట్ల రూపాయల పైమాటే. చచ్చిన గేదె పగిలిన కుండెడు పాలిచ్చిందన్న సామెతను మన పెద్దలు వెటకారానికి పుట్టించారు. వేలం కంపెనీలు దాన్ని వ్యాపార సూత్రంగా రాసుకున్నాయి.

రేకుకు అంత ధరేమిటని అడిగితే తెలిసినవాళ్ళు జాలిగా నవ్వుతారు. కొన్నది రేకును కాదట, ఛాసిస్ నంబరును. ఆ నంబరు చేతిలో ఉంటే తలుపులు, సీట్లు, చక్రాలు అన్నీ కొత్తగా చేయించి, సిసలైన 1954 ఫెరారీ అని చాటుకోవచ్చు. నంబరు లేకుండా అదే పనివాడు అదే కొలతలతో అదే బండిని చేస్తే నకిలీ. దేహం ఎన్నిసార్లు మారినా ఆత్మ చెక్కుచెదరదని వేదాంతులు చెబుతూ వచ్చారు. ఆ ఆత్మకు నాలుగంకెల నంబరుంటుందని మాత్రం వాళ్ళకు తోచలేదు.

ఇలాంటి పాత బళ్ళు కొనేవాళ్ళు తమను యజమానులని అననివ్వరు. తాము ధర్మకర్తలట. వారసత్వ సంపదను రేపటి తరాలకు అప్పగించే బాధ్యత మోస్తున్నారట. మన గుళ్ళ ధర్మకర్తలు ఉత్సవ విగ్రహాన్ని ఏడాదికోసారైనా వీధుల్లో ఊరేగిస్తారు. ఈ ధర్మకర్తల్లో బండిని రోడ్డెక్కించి పందెంలో తోలే సరదా మనుషులూ ఉన్నారు, కాదనను. మిగతావారిది మీటరు భయం. మీటరు తిరిగితే ధర జారుతుంది. అందుకని వేడీ తేమా కొలిచే గిడ్డంగిలో గుడ్డ కప్పి ఉంచుతారు. కదలడానికి పుట్టిన వస్తువుకు కదలకపోవడమే విలువ.

ఈ సూత్రానికి శిఖరం 2022 మే 5న కనిపించింది. స్టట్‌గార్ట్‌లోని మెర్సిడెస్ మ్యూజియంలో, పిలుపు అందిన కొద్దిమంది ముందు, 1955 నాటి 300 ఎస్‌ఎల్‌ఆర్ ఊలెన్‌హౌట్ కూపే 13.5 కోట్ల యూరోలకు పోయింది. మన డబ్బులో వెయ్యి కోట్లు దాటింది. పందేల కోసం తయారైన ఈ బండి ఒక్క పందెంలోనూ పాల్గొనలేదు. ఆ ఏడాది లె మాన్ పందెంలో ప్రమాదం జరిగి ఎనభై మందికి పైగా చనిపోయారు, ఏడాది చివరికి మెర్సిడెస్ పందేల నుంచే తప్పుకుంది. చేసినవి రెండే కూపేలు. ఒకదాన్ని ఇంజనీరు ఊలెన్‌హౌట్ ఆఫీసు బండిగా తిప్పుకున్నాడు. అమ్మిన సొమ్ముతో కంపెనీ ఒక స్కాలర్‌షిప్ నిధి పెట్టింది. ఎవరికనుకున్నారు? పర్యావరణ శాస్త్రం చదివేవారికి, కర్బన ఉద్గారాలు తగ్గించే పరిశోధన చేసేవారికి. రేసు కారు అమ్మి పొగ తగ్గించే చదువు చెప్పిస్తారన్న మాట. ఇంత సుఖమైన ప్రాయశ్చిత్తం ఏ పురోహితుడూ రాసివ్వలేడు.

వస్తువు నిజమైన విలువ వేలంలోనే తేలుతుందన్నది ఈ మతంలో మరో ప్రవచనం. 2019 ఆగస్టులో అదే మాంటెరేలో 1939 నాటి పోర్షే టైప్ 64ను పాటకు పెట్టారు. వేలం వేసేవాడు థర్టీన్ మిలియన్ అన్నది తెర మీద థర్టీ అని పడింది. ఫోర్టీన్ ఫోర్టీ అయింది, సెవెంటీన్ సెవెంటీ అయింది. హాలు చప్పట్లతో ఊగిపోయింది. తెర మీద 7 కోట్ల డాలర్లు వెలిగాక వేలం వేసేవాడు నాలిక్కరుచుకుని, అది 1.7 కోట్లేనని దిద్దాడు. చప్పట్లు గేలిగా మారాయి, బండి అమ్ముడుపోలేదు. నిజమైన విలువ తేల్చే ఆ సభ, అంకె నాలుగింతలైనప్పుడు ఉలిక్కిపడలేదు, సంబరపడింది. తగ్గినప్పుడే దానికి కోపం వచ్చింది.

అమ్ముడుపోతే వేలం సుత్తికీ కూలి ఉంటుంది. 2018లో ఒక ఫెరారీ 250 జీటీఓ మీద సుత్తి పడింది 4.4 కోట్ల డాలర్ల దగ్గర. కొన్నవాడు కట్టింది 4.84 కోట్లు. ఒక్క దెబ్బకు వేలం కంపెనీకి ముప్ఫై కోట్ల రూపాయలు. కమ్మరి కొలిమిలో జీవితాంతం సుత్తి ఎత్తినా రాని కూలి.

అసలు గడుసుతనం చట్టం ముందు బయటపడుతుంది. ఇటలీలో బొలోన్యా కోర్టు 2019లో 250 జీటీఓను కళాఖండంగా గుర్తించి, దానికి నకళ్ళు చేయకూడదంది. సరే, కళే అనుకుందాం. బ్రిటన్‌లో చిత్రపటం లాభానికి అమ్మితే పన్ను కట్టాలి. కారు అమ్మితే అక్కర్లేదు, ఎందుకంటే కారు అరిగిపోయే వస్తువు, నష్టానికే పోతుందని అక్కడి చట్టం లెక్క. కాబట్టి నకలు దగ్గర కళ, పన్ను దగ్గర కారు. అక్కడ నలభై ఏళ్ళు దాటిన కారుకు ఏటేటా జరిగే తనిఖీ నుంచి కూడా మినహాయింపు ఉంది. మన దగ్గర మారుతి కారుకు పదిహేనేళ్ళు నిండితే ఫిట్‌నెస్ కోసం ఆర్టీఓ ఆఫీసు దగ్గర నిలబడాల్సిందే. అదే యాభై దాటి, అసలు రూపు చెడకుండా ఉంటే, 2021 నిబంధనల ప్రకారం అది వింటేజ్. వీఏ అక్షరాల నంబరు పలక ఇస్తారు. ఒక షరతు, రోజూ తిరగడానికి వాడకూడదు. కారును కారులా వాడకూడదన్న నియమం మన ప్రభుత్వానికీ నచ్చిందన్న మాట.

ధర్మకర్తలు ఏదో ఒకటి తేల్చుకోవాలి. కళ అంటారా, చిత్రపటానికి కట్టే పన్నే కట్టండి. కారంటారా, తనిఖీకి వరసలో రండి. వారసత్వ సంపద అంటారా, ఆదివారమైనా గిడ్డంగి తాళం తీసి బడిపిల్లలకు చూపించండి. ఇవేవీ కుదరవంటే లాభం కోసమే కొన్నామని ఒప్పుకోండి. లాభం కోసం తుక్కు కొనడం తప్పేమీ కాదు. మన ఊళ్ళలో పాత ఇనప సామాన్ల వ్యాపారి చేసేదీ అదే. కాకపోతే ఆయన తూకం వేసి డబ్బిచ్చి పోతాడు, జాతి వారసత్వాన్ని కాపాడానని సన్మానం అడగడు.