వాళ్ల మనిషి వస్తాడట!

ఈ మధ్య మా బన్సీలాల్‌పేట గల్లీల్లో సూపర్‌మార్కెట్ ట్రాలీని ఇంటిదాకా తోసుకొచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. తోసుకురావడం మీద నాకు పేచీ లేదు. మోకాళ్ల నొప్పులవాళ్లుంటారు, చంకన పిల్లలున్న తల్లులుంటారు. నా కోపమంతా ఆ తర్వాత జరిగేదాని మీద. సామాను లిఫ్టులోకి ఎక్కుతుంది, ట్రాలీ మాత్రం కరెంటు స్తంభం పక్కన ఉండిపోతుంది. కాసేపటికి ఎవరో టీ తాగిన కాగితం కప్పు అందులో వేస్తారు. ఆ కప్పును చూసి ఇంకొకరు కొబ్బరిబోండం వేస్తారు. పొద్దుగూకేసరికి ముడేసిన నల్ల కవర్లు, వాటిని చింపే కుక్కలు. మర్నాడు దుకాణం కుర్రాడొచ్చి, ఆ కంపును అక్కడే కుమ్మరించి బండి తోసుకుపోతాడు. ఇక ఆ స్తంభం మొదలే గల్లీకంతా చెత్తకుప్ప.

ఒకతన్ని ఆపి అడిగాను: "తమ్మీ, బండి దుకాణంలో ఇచ్చి రారాదా?"

"వాళ్ల మనిషొచ్చి తీస్కపోతడు తాతా," అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మా రోజుల్లో ఆ మనిషి ఎవరూ లేడు. తెచ్చుకున్నవాడే తిరిగి ఇచ్చేవాడు. మోండా మార్కెట్‌కు గుడ్డసంచి లేకుండా ఎవరూ బయల్దేరేవాళ్లు కాదు. కిరాణా కొట్టు సేటు పాత పేపరు చుట్టి, పప్పు పోసి, పురికొస లాగి ముడేసేవాడు. ఇంటికొచ్చాక మా అమ్మ ఆ పురికొస విప్పి ఉండ చుట్టేది, పేపరు సాపుచేసి అలమరలో పరిచేది. గోలీసోడా కొట్టు దగ్గరే నిలబడి తాగి, సీసా చేతికిస్తేగాని కొట్టతను కదలనిచ్చేవాడు కాదు. పాత చీరలిస్తే స్టీలు గిన్నె వచ్చేది. పెళ్లిభోజనం మోదుగాకు విస్తరిలో. ఎంగిలాకులు పశువులు తినేవి, మిగిలినవి మట్టిలో కలిసేవి. ప్రతి వస్తువుకూ వాడుక అయ్యాక పోవలసిన చోటొకటి ఉండేది, అక్కడికి చేర్చే బాధ్యత వాడుకున్నవాడిదే. ఇప్పుడు బిస్కెట్ కవరుకు ఆ చోటేది?

ఇంత గట్టిగా ఎందుకు అరుస్తున్నానంటే, ఒక్క కవరుతో మొదలైంది ఎంతదాకా పోతుందో మా పేటకు తెలిసినంతగా మరే పేటకూ తెలియదు. ఈ పేట పాతపేరు నాగన్నకుంట. 1933లో, కీస్ దొర బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్నప్పుడు, సేఠ్ బన్సీలాల్ ఇచ్చిన డబ్బుతో దీన్ని ఆదర్శ గ్రామంగా తీర్చిదిద్ది ఆయన పేరు పెట్టారు. అంతకు ఎన్నో తరాల ముందునుంచే ఇక్కడ రాతి మెట్లబావి ఉంది. 17వ శతాబ్దం నాటిదంటారు. 50 అడుగుల పైచిలుకు లోతు. ఊరికి నీళ్లిచ్చిన ఆ బావి వాడకం తగ్గిన తర్వాత పూడిపోయింది. వరద వచ్చి పూడ్చలేదు, శత్రువులు వచ్చి పూడ్చలేదు. రోజుకింత ఇంటిచెత్త, కూలగొట్టిన గోడల మట్టి, విరిగిన కుర్చీ, చిరిగిన పరుపు. ఒకరు వేశారని ఇంకొకరు వేసి, దశాబ్దాలపాటు వేసి వేసి, కింద బావి ఉందన్న సంగతే పిల్లలకు తెలియకుండా చేశారు.

2021లో ఆర్కిటెక్టు కల్పనా రమేశ్, ఆమె 'రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్' బృందం, ప్రభుత్వ శాఖలతో కలిసి తవ్వడం మొదలుపెట్టారు. చెత్త లారీల మీద లారీలు పోయింది, లెక్క వేల టన్నుల్లో తేలింది. తవ్వుతూ పోతే అడుగున ఊట! అన్నేళ్లు మనం నెత్తిన కుమ్మరించినా ఆ తల్లి చచ్చిపోలేదు. 2022 మార్చిలో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఈ బావి గురించి చెప్పారు. అదే ఏడు డిసెంబర్ 5న అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. ఇప్పుడు సాయంత్రం దీపాలు పెడతారు, జనం మెట్ల మీద ఫొటోలు దిగుతారు. నాకు గర్వంగానే ఉంటుంది. కానీ రోడ్డుమీదికొస్తే మళ్లీ అవే నల్ల కవర్లు.

అడిగితే చెత్త వేయడానికి డబ్బాలు లేవంటారు. 2015లో జీహెచ్ఎంసీ ఇంటికి రెండు డబ్బాలిచ్చింది, తడిచెత్తకు ఆకుపచ్చది, పొడిచెత్తకు నీలంది. చాలా ఇళ్లల్లో ఒకదాంట్లో బియ్యం, ఇంకోదాంట్లో నీళ్లు. గల్లీలోకి స్వచ్ఛ ఆటో వస్తుంది. అది వచ్చేదాకా కవరు ఇంట్లో పెట్టుకోవడానికి మనకు నామోషీ, పక్కింటి గోడవారన పెట్టడానికి లేదు. చీపురు పట్టుకొని చీకటితోనే వచ్చే ఆ అక్కలు అన్నం కలిపే చేత్తోనే ఆ కవర్లు ఎత్తుతారు. అందులో గాజుపెంకు ఉంటే? ఎత్తిందంతా జవహర్‌నగర్ డంపుయార్డుకు పోతుంది. అక్కడి జనానికి ఆ కంపుతోనే తెల్లవారాలి. వాళ్లేం పాపం చేశారు?

మళ్లీ ట్రాలీ దగ్గరికే వద్దాం. దాన్ని 1937లో అమెరికాలో, ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే దుకాణదారు తెచ్చాడు. చేతిబుట్ట బరువెక్కితే జనం కొనడం ఆపేస్తున్నారని ఆయన బాధ. యూరప్‌లో చాలాచోట్ల ఇప్పుడు నాణెం వేస్తేగాని ట్రాలీ గొలుసు ఊడదు, తెచ్చి తగిలిస్తేగాని నాణెం తిరిగి రాదు. మా సోడా కొట్టతను సీసా కోసం పట్టుబట్టింది కూడా ఇందుకే కదా. తమిళనాడు నీలగిరుల్లో 2022 నుంచి మద్యం సీసా మీద 10 రూపాయలు ఎక్కువ తీసుకొని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగి ఇస్తున్నారు. అడవిలో గాజుపెంకులు ఏనుగుల కాళ్లకు గుచ్చుకుంటున్నాయని హైకోర్టు కల్పించుకుంటే వచ్చిన ఏర్పాటది.

మాకూ అది కావాలి. దుకాణాలవాళ్లు ట్రాలీకి నాణెం తాళం పెట్టాలి. మెట్లబావి చుట్టూ ఉన్న కొట్లలో నీళ్లసీసా మీద 5 రూపాయలు అదనంగా తీసుకొని, ఖాళీది తెచ్చినవాడికి ఇచ్చేయాలి. పారేసిపోయినవాడి 5 రూపాయలు, దాన్ని ఏరి తెచ్చే మనిషికి దక్కాలి.