అడ్రసు లేని సిస్టం

సంక్రాంతి సెలవు నుంచి వచ్చి సిస్టం ఆన్ చేస్తే కింద కుడి మూలన భూగోళం బొమ్మ. ఆ బొమ్మ తెలియని ఉద్యోగి ఉండడు. చూపించడానికి ప్రపంచం మొత్తాన్నీ చూపిస్తుంది, పక్క గదిలో ప్రింటరు దగ్గరికి మాత్రం పోనివ్వదు. ఆఫ్ చేసి ఆన్ చేయడాలు, వైరు పీకి పెట్టడాలు అన్నీ అయ్యాయి. ఆ ఊసు ఎత్తను.

నాకు ఒళ్లు మండింది నెట్ రానందుకు కాదు. వచ్చిన ప్రతివాడూ ముందుగా "ఏం చేశారు సార్?" అని అడిగినందుకు. ఊళ్లో అరిసెలు తింటూ కూర్చున్నాను నాయనా, ఇక్కడున్న సిస్టాన్ని నేనేం చేస్తాను? ఎలక్ట్రీషియన్ తొంగిచూసి, కరెంటు పారని వైరు తన కిందికి రాదన్నాడు. వైరు వేసినాయన గడువు ఎప్పుడో తీరిపోయిందట. చివరికి ఔట్‌సోర్సింగ్ కుర్రాడు వచ్చి, నల్ల తెర తెరిచి ఏదో కొట్టాడు.

"చూడండి సార్, నాలుగు పింగులు పెడితే నాలుగూ తిరిగొచ్చాయి. సిస్టం బ్రహ్మాండం."

జలాంతర్గాములను వెతికే సోనార్ చప్పుడు పేరే ఆ పింగు. 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ రాసిన ప్రోగ్రాం. అవతలివాణ్ని 'ఉన్నావా?' అని అడగడం దాని పని. మావాడు కొట్టింది 127.0.0.1. అంటే సిస్టం తనను తానే 'ఉన్నావా?' అని అడిగి, 'ఉన్నాను' అని చెప్పుకుంది. దానికి ఇంత సంబరం.

తర్వాత అందరి చూపూ క్లిప్పు మీద పడింది. ఈ క్లిప్పు గురించి నేను కొంచెం చెప్పాలి. వైరు చివర గాజులా కనిపించే ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, ఆర్‌జే 45. లోపల ఎనిమిది సన్నని తీగలు. తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం అంటూ ఆ వరసను కుర్రాడు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఇంత శాస్త్రాన్నీ సాకెట్లో పట్టి ఉంచేది వీపు మీదుండే గోరంత క్లిప్పు. అది విరగని ఆఫీసును నేను చూడలేదు. విరిగాకే మన ఇంజనీరింగు మొదలవుతుంది. అకౌంట్స్ సీట్లో అగ్గిపుల్ల దోపారు. తపాలా చూసే మేడం రబ్బరుబ్యాండు, సెల్లోటేపు కలిపి కట్టు కట్టారు. ఇంకో సీట్లో పాత సర్క్యులర్‌ను మడతల మీద మడతలు పెట్టి దూర్చారు. ఆ సర్క్యులర్ ఒకరికి ఉపయోగపడటం అదే మొదలు. సూపరింటెండెంటు గారైతే వైరును బల్లకాలికి లాగి కట్టించి, సదరు బల్లను ఎవరూ కదపరాదని నోట్ రాశారు. నోట్ ఫైలయింది. ఊడ్చే ఆవిడ ఆ మూలకు వెళ్లడం మానేసింది. బూజు పట్టింది. ఇప్పుడా వైరు నిలబడటంలో బూజు వాటా కూడా ఉందని నా అనుమానం. కొత్త ముక్క ఖరీదు ఒక టీకి మించదు. కాకపోతే ఇండెంటు పెట్టాలి, కొటేషన్లు తేవాలి, ఆమోదం రావాలి. అగ్గిపుల్లకు ఆమోదం అక్కర్లేదు.

నా క్లిప్పూ విరిగే ఉంది కనుక నేరం రుజువైపోయింది. కుర్రాడు తన సంచీలోంచి కొత్తది తీసి బిగించాడు. టిక్కుమంది. భూగోళం మాత్రం కదల్లేదు.

ఈలోగా జనవరి కదా, పింఛనుదారులు వస్తూనే ఉన్నారు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్ర వేసి బతికే ఉన్నామని నిరూపించుకోవచ్చు. ఆ వేలిముద్ర మిషను మా గదిలో నా సిస్టానికే ఉంది. ఓ పెద్దాయన మనవడి చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. మనిషి నా ఎదురుగా ఆయాసపడుతున్నాడు, బతికున్నాడనడానికి నాకింకేం కావాలి? కానీ ఆ సంగతి సర్వరుకు తెలియాలి.

"నెట్ లేదండీ."

"లేదా బాబూ? సరే, రేపొస్తాం."

కాగితాల రోజుల్లో ఇలా ఉండేది కాదు. ఫైలు దొరకలేదంటే మా మీద కేకలు వేసేవారు, ఆఫీసరు గది తలుపు తోసేవారు. నాలాంటి గుమాస్తాతో పోట్లాడొచ్చు, ఒక్కోసారి గెలవొచ్చు. నెట్‌తో పోట్లాడటానికి ఎక్కడికని వెళతారు? ఆటోకు మళ్లీ డబ్బులిచ్చుకుని, కోపం కూడా లేకుండా వెళ్లిపోయాడు. నాలుగు తిట్టి ఉంటే ఆ పూట నాకు అన్నం సహించేది.

మర్నాడు కుర్రాడు నల్ల తెరలో 169.254తో మొదలయ్యే అంకె చూసి నాలుక కరుచుకున్నాడు. నెట్‌వర్కులో ఎవరూ అడ్రసు ఇవ్వకపోతే విండోస్ ఆ వరసలో ఒకటి తనకు తానే రాసుకుంటుందట. మాకు పంచడానికి ఉన్నవి 254 అడ్రసులు. ఒక్కోటి ఎనిమిది రోజుల గడువు మీద ఇస్తారు. నేను ఊళ్లో ఉండగా నా గడువు తీరింది. వైఫై పాస్‌వర్డు తెలిసిన ప్రతివాడి సెల్‌ఫోనూ ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు ఒక్కో అడ్రసు మీద వాలింది. ప్రభుత్వ సిస్టం నిలబడే ఉంది. రీల్సు చూసే ఫోన్లు కూర్చున్నాయి.

కుర్రాడు ఎవరిదో ఫోనును లేపి ఆ చోటు నాకిచ్చాడు. భూగోళం పోయింది.

"నా సిస్టానికి ఒక అడ్రసు పర్మనెంటుగా రిజర్వు చేయకూడదటయ్యా?"

"చేయొచ్చు సార్. హెడ్డాఫీసు అప్రూవల్ కావాలి, టైం పడుతుంది."

"అంతవరకు?"

"ఎనిమిది రోజులు మించి సెలవు పెట్టకండి సార్."